ఆపిల్ చెట్టుకి ఆనించిన దేవదారు

ఏప్రిల్ వాన వెలిసిన పొద్దున, నాలుగేళ్ల డెల్లీ గుప్పిట్లో ఏదో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గోలీ అంత బుడిపె. దాని నిండా నారింజ రంగు కొమ్ములు, జెల్లీలా జిగటగా వేలాడుతున్నాయి. విషమేమోనని తల్లి లవీనా దాన్ని లాక్కుంది. పిల్ల నోరు తెరిపించి చూసింది, చేతులు కడిగింది, మళ్లీ కడిగింది. తిన్నావా అంటే, లేదు, ఆ కొమ్ములకి జడ వేశానంది పిల్ల.

పిల్లను చంకనేసుకుని పక్క పొలం ఓర్ఫా అత్త దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ బుడిపెను చూసి నవ్వింది.

"పిల్లకేం కాదే పిచ్చిదానా. ఇది తుప్పు తెగులు. దేవదారు మీద పుడుతుంది, వానకి ఇలా ఉబ్బుతుంది, దీని పొడి గాలికెగిరి ఆపిల్ ఆకు మీద వాలుతుంది. అక్కణ్ణించి మళ్లీ దేవదారుకే. పుట్టిల్లొకటి, అత్తిల్లొకటి. ఆపిల్ నుంచి ఆపిల్‌కి మాత్రం పోదు."

భయం పోయిన చోట ఆలోచన మొదలైంది. ఇంటి ముందున్న ఒక్క ఆపిల్ చెట్టుకీ ఏటా ఆకులు మచ్చలు పడి రాలిపోతున్నాయి. ఈసారీ మచ్చ కనిపిస్తే కొట్టేస్తానన్నాడు మొగుడు హార్లన్. ఆ రాలిన ఆకులన్నీ ఊడ్చి కాల్చింది తను, ఏళ్ల తరబడి, ఉత్తపుణ్యానికి.

ఎక్కడ దొరికిందో చూపించమంటే డెల్లీ తిన్నగా ఆ చెట్టు దగ్గరికే నడిచింది. మొదలుకి ఆనించి ఉంది క్రిస్మస్‌కి ఇంట్లో పెట్టుకున్న దేవదారు. పండగయ్యాక పిట్టలు దూరడానికని ఏటా అక్కడే నిలబెడతారు. రెమ్మరెమ్మకీ నారింజ కొమ్ములు. తెగులుకి తామే పీట వేసి కూర్చోబెట్టారు. ఆపిల్ మొగ్గలింకా విచ్చుకోలేదు, పొడి వాలడానికి ఆకే లేదు. లవీనా దాన్ని ఈడ్చుకుపోయి, ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది.

జూన్‌లో హార్లన్ గొడ్డలితో వచ్చాడు. "మచ్చలున్నాయిగా," అన్నాడు.

ఆమె అతని చొక్కా పట్టుకుని చెట్టు చుట్టూ తిప్పింది. ఇంటివైపు ఆకులు తేటగా ఉన్నాయి. గాలి వచ్చే వైపే మచ్చలు. ఆ గాలికి అడ్డంగా, ఓర్ఫా అత్త కంచె పొడుగునా దేవదార్లు.

హార్లన్ ఆకుల్నీ కంచెనీ మార్చి మార్చి చూశాడు. గొడ్డలి కింద పెట్టాడు.

"అవి కొట్టనిస్తుందేమో నువ్వెళ్లి అడుగు. నన్ను చూస్తే ముసల్ది తలుపేసుకుంటుంది."

లవీనా మచ్చాకు ఒకటీ, మంచి ఆకు ఒకటీ తెంపుకుని కంచె వైపు నడిచింది.