బొడ్డు మీది కొలత

నేను ఒక కొలత టేపును. దర్జీల మెడలో వేలాడే జాతి. ఊరవతల ఏదో షెడ్డులో, వేడి రోలర్ల మధ్య పుట్టాను. ఒళ్లంతా అంకెలు అచ్చువేసి, రెండు చివర్లా ఇత్తడి ముక్కలు బిగించి బయటకు తోశారు. అప్పటి నుంచీ మనుషుల్ని చుట్టుకోవడమే నా బతుకు. ఛాతీ కొలిచేటప్పుడు పొంగిపోతారు, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబడతారు. ఎవర్ని మోసం చేద్దామనో! వేసుకోవలసింది వాళ్లే కదా. ఒకప్పుడు నవ్వొచ్చేది నాకు. ఇప్పుడు ఏ పొట్టను చుట్టాలన్నా భయం వేస్తోంది.

నా మొదటి యజమాని కోరుట్ల బస్టాండు వెనక దుకాణం పెట్టుకున్న వీరేశం. కల్లు దుకాణం పక్క వీధిలోనే ఉన్నా అటు తొంగిచూడని మనిషి. అలాంటివాడికి ఒక ఎండాకాలం కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట కుండలా ఉబ్బింది. పెద్దాసుపత్రిలో కాలేయం గట్టిపడిపోయిందన్నారట. "మందు ఎన్నేండ్ల సంది తాగుతున్నవ్?" అని అడిగారట. తాగనంటే నవ్వారట. కాలేయం చెడిందంటే ముందు తాగుడే గుర్తొచ్చే రోజులవి. తాగనివాళ్లకూ కాలేయానికి కొవ్వు పట్టి గట్టిపడుతుందని డాక్టర్లకు తెలుసు, కానీ దాన్ని తాగనివాళ్ల కొవ్వు అని మాత్రమే పిలిచేవారు. ఎందుకు పడుతుందో ఆ పేరు చెప్పేది కాదు.

ఊరంతా ఒకటే మాట, దొంగచాటుగా తాగాడని. భార్య భూలక్ష్మి దుకాణానికి వచ్చి గుడ్డముక్కల మూటలన్నీ విప్పి సీసాల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. తమ్ముడు సుదర్శనం కూడా నమ్మలేదు. "నేను తాగలేదు తమ్మీ" అని అన్న అంటే, "ఇగ ఇప్పుడన్న నిజం జెప్పరాదే" అన్నాడట. వీరేశం మొహం గోడవైపు తిప్పుకుని, అలాగే పోయాడు. ఇదంతా సుదర్శనం దుకాణంలో ఒంటరిగా ఏడుస్తూ చెప్పుకుంటే విన్నాను.

కుట్టుమిషనూ నేనూ ఆయన పాలయ్యాం. ఏళ్లు గడిచాయి. కుడివైపు డొక్కలో బరువుగా ఉంటోందని ఈమధ్య స్కానింగ్‌కు వెళ్లొచ్చాడు. కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. వచ్చి మిషను ముందు కూలబడ్డాడు. ఆయన మెడ చెమటకు నేను తడిసిపోయాను. "అన్నను నమ్మని ఊరు నన్ను నమ్ముతదా" అని గొణుక్కున్నాడు. ఒకే ఇంట్లో ఉంటున్న వదిన భూలక్ష్మికి కూడా ఒక్క మాట చెప్పలేదు. చావంటే ఎంత భయమో, ఆమె మూటలు విప్పడమంటే అంతే భయం.

ఆఖరికి హిమజ అనే డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. కంగారులో నన్ను మెడలోంచి తీయడమే మరిచాడు. కూర్చోగానే, "అమ్మతోడు మేడం, చుక్క ముట్ట" అన్నాడు.

"తాగుడు సంగతీ అడుగుతాం మాస్టారూ, కానీ దాంతోనే తేల్చేయం. ఈ జబ్బుకు పేరూ, గుర్తుపట్టే పద్ధతీ మార్చారు. కాలేయంలో కొవ్వుతోపాటు నడుము లావు, షుగరు, బీపీ, రక్తంలో కొవ్వులు చూస్తాం. వీటిలో ఒక్కటి తేడా ఉన్నా జబ్బు ఫలానా అని చెప్పొచ్చు. మీ నడుమెంత?"

"ముప్పై నాలుగు" అన్నాడు ఠక్కున. ఆ ఒక్క జవాబులోనే కాస్త ధైర్యం వినిపించింది. ఆమె నన్ను ఆయన మెడలోంచి తీసి చుట్టబోయింది. సుదర్శనం చేయి అలవాటు కొద్దీ నన్ను పొట్ట కిందికి లాగింది.

"గీడ మేడం. ప్యాంటు నిలిచేది గీడనే గదా."

"నేను ప్యాంటు కుట్టడం లేదు. బొడ్డు మీదుగా చూడాలి."

అయ్యో, మా దర్జీ లోకమంతా చేసే పొరపాటు అదే! బెల్టు పొట్ట కింద నిలుస్తుంది, మేమూ అక్కడే కొలుస్తాం. పైన పొట్ట ఎంత పెరిగినా ప్యాంటు కొలత మారదు. నేను పైకి పాకాను. ముప్పై నాలుగు దాటింది. ముప్పై ఎనిమిది దాటింది. నలభై ఒకటి దగ్గర ఆగాను. "మగవాళ్లకు ముప్పై అయిదున్నర అంగుళాలు దాటితే చాలు, తేడా కిందే లెక్క" అంది డాక్టరమ్మ.

"మా అన్న లెక్కనే అయితదా నాకు?"

"కాలేయం ఎంత గట్టిపడిందో ఇంకో పరీక్షలో చూద్దాం."

ఆ పరీక్షా, రక్తపరీక్షా అయ్యాయి. షుగరు కూడా ఉందని తేలింది. గట్టిపడటం మొదలైందనీ, పొట్ట తగ్గించి షుగరు అదుపులో పెట్టుకుంటే అక్కడే ఆపొచ్చనీ చెప్పింది. లేవబోతూ అడిగాడు. "మా అన్న తాగకుంటనే పోయిండా మేడం?"

"ఆయన్ని నేను చూడలేదు, చెప్పలేను. తాగకపోయినా కాలేయం అంతగా పాడవుతుంది. అది మాత్రం నిజం."

ఇంటికొచ్చేసరికి భూలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె ఎదుట నేల మీద కూర్చుని అంతా చెప్పేశాడు. "అన్న తాగలేదేమో వదినా" అన్నాడు చివరికి.

ఆమె చేతులు ఆగిపోయాయి. "పానం పోయినంక అందరు బయటికి పోయిన్రు. అప్పుడు సుత ఆయన నోరు వాసన జూసిన సుదర్శనా."

"ఏమన్న వచ్చిందా?"

"ఏం రాలే. కడుక్కున్నడనుకున్న."

 ఆమె లేచి, నన్ను తీసుకుని మరిది బొడ్డు మీదుగా తానే చుట్టింది. అంకె వేలితో పట్టుకుని చూసింది. "నమ్ముతున్న బిడ్డా" అంది. సుదర్శనం భోరుమన్నాడు. ఆమె వేలు ఇంకా ఆ అంకె మీదే ఉంది, ఆయన కడుపు ఏడుపుకు ఎగిరెగిరి పడుతోంది. రెండింటి మధ్య నేను, నలభై ఒకటి దగ్గర.