చూస్తే ఊరుకునేది

వెళ్లిపోదామనుకునేవాళ్లు ముందుగా గొంతు తగ్గిస్తారు. నేను గదిలోకి రాగానే మాట ఆపేస్తారు. మా అక్క అలాగే చేసింది. మా ఆయన చివరి వారంలో డాక్టరుతో అలాగే మాట్లాడారు. మా ముందుగదిలో నాలుగేళ్లు అద్దెకున్న అమల కూడా అంతే, ఒక సోమవారం తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్లింది. అందుకే మా కంప్యూటరు నన్ను చూసి నోరు మూసుకుంటోందని తెలిసినప్పుడు నా గుండెల్లో రాయి పడింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలకి రెండు వీధుల లోపల మా ఇల్లు. కంప్యూటరు ఆయనది. ఆయన పోయాక నేను చదువుకోవడానికి వాడుతున్నాను. బడికి వెళ్లినదాన్ని కాదు, పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు కళ్లు ఆనవు గాని తెర మీదైతే అక్షరాన్ని అరచేయంత చేసుకోవచ్చు. అలా చేసుకోవచ్చని నేర్పింది జోస్నా. అమల తర్వాత ముందుగదిలోకి వచ్చిన పిల్ల. నల్లగొండ వైపు పల్లె. ఎల్బీనగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తుంది. పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. ఆమె కూడా వెళ్లిపోతే ఇంట్లో నా గొంతు తప్ప మరో గొంతు ఉండదు.

పోయిన వారం ఒక మధ్యాహ్నం చింతపండు పిసుకుతుంటే హాల్లోంచి హోరు వినిపించింది. కంప్యూటరు ముందు ఎవరూ లేరు. పెట్టె మీద చేయి పెడితే చుర్రుమంది. కుర్చీలో కూర్చుని మౌస్ కదిపాను. కాసేపట్లో హోరు తగ్గింది. లేచి వంటింట్లోకి వెళ్లానో లేదో మళ్లీ మొదలు.

సాయంత్రం జోస్నా వచ్చి మూడు మీటలు కలిపి నొక్కింది. కంప్యూటర్లో ఏ పని ఎంత బలం లాగుతోందో చూపించే పట్టీ తెరుచుకుంది. టాస్క్ మేనేజర్ అంటారట.

"ఐదు శాతం గూడ లేదు అమ్మమ్మా. పండుకున్నది."

"మధ్యాహ్నం రేసు గుర్రంలా పరిగెత్తిందే!"

"ఏదో అప్‌డేట్ అయ్యుంటది. పరేషాన్ కాకుండ్రి."

ఇంతలో ఆమె ఫోను మోగింది. వీధి మెట్ల మీదికి వెళ్లి మాట్లాడింది. నేను పాలగిన్నె వంకతో వెళ్లేసరికి "మళ్ల చేస్త" అని పెట్టేసింది.

పక్కింటి అమ్మాజీకి చెప్పాను. "అద్దెకున్న పిల్లకి పాస్‌వర్డ్ చెప్పావా వదినా? ఆ చేత్తోనే బీరువా తాళాలు కూడా ఇచ్చెయ్యలేకపోయావా!" అంది.

మర్నాడు జోస్నా పనికి వెళ్లగానే నేనే పరీక్ష పెట్టాను. ఫ్యాన్లు ఆపాను, ఫ్రిజ్ ఆపాను. వరండా గోడకున్న మీటర్లో చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతుంటుంది. ఎంత కరెంటు లాగితే అంత తొందరగా వెలుగుతుంది. ఆయన చేతిగడియారం పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. కంప్యూటరుని దాని మానాన వదిలేస్తే నిమిషానికి ఎనిమిది సార్లు. లోపలికి వెళ్లి జోస్నా చూపిన పట్టీ తెరిచి ఉంచి వస్తే మూడు. పట్టీ మూసి వస్తే, కొంతసేపటికి మళ్లీ ఎనిమిది. ఎన్నిసార్లు చేసినా అంతే.

అంటే లోపల ఏదో ఉంది. వెతికే కన్ను తెరవగానే నిద్ర నటిస్తోంది. ఇంటర్నెట్ తీగ ఊడబెరికాను. హోరు ఆగింది. మళ్లీ పెట్టాను. కాసేపటికి హోరు వచ్చింది. అది బయట ఎవరితోనో మాట్లాడుతోంది!

అప్పుడు ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాను. మారు తాళంచెవితో జోస్నా గది తెరిచాను. మంచం కింద మడిచిన అట్టపెట్టెలు రెండు, కొత్త తాడు చుట్ట ఒకటి.

సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే అడిగాను.

"నా కంప్యూటర్లో ఏం పెట్టావు?"

"ఏంది?"

"నేను లేనప్పుడు పనిచేస్తోంది. చూస్తే ఆగుతోంది. మీటరు దగ్గర నిలబడి లెక్కపెట్టాను."

ఆమె ముఖం ఎర్రబడింది. "నేను దొంగనా అమ్మమ్మా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీటర్ చూసిన్నంటున్నరు. మరి ఫ్రిజ్ బంద్ జేసిండ్రా?"

"చేశాను."

"పాలు?"

"విరిగిపోయాయి."

నవ్వు వచ్చినట్టుంది గాని ఆపుకుంది. ఏ ప్రోగ్రాం ఏ తారీకున కంప్యూటర్లోకి ఎక్కిందో చూపే జాబితా తెరిచింది. పైనుంచి కిందికి జరుపుతూ ఒకచోట ఆగింది.

"పాత వారపత్రికల రీడర్. పోయిన నెల పద్నాలుగు. ఆ దినం నేను యాడున్న?"

ఊళ్లో ఉంది. వాళ్లమ్మ ఎలీశమ్మ మోకాళ్లు పట్టేసి లేవలేకపోతే వారం రోజులు వెళ్లింది. బస్సులో తినమని పులిహోర కట్టిచ్చింది నేనే.

ఆ రీడర్ నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒక సీరియల్ చదివేదాన్ని. చివరి రెండు వారాలు పత్రిక మా ఊరికి రాలేదు. ఆ కథలో భర్త రైలు దిగాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పాత సంచికలన్నీ ఇక్కడున్నాయి అని తెర మీద ఒక పచ్చ బొత్తాం కనిపిస్తే నొక్కాను. అది అడిగిన ప్రతిదానికీ సరే అన్నాను. సంచిక మాత్రం రాలేదు.

"అది నేనే," అన్నాను.

"ఎవడో మీ మిషన్‌తోని వాని పని చేపిచ్చుకుంటున్నడు. మీరు కూసుంటే గప్‌చుప్, లేస్తే షురూ. హుషారు దొంగ." దాన్ని తీసేసింది. ఇంకేమైనా నక్కి ఉందేమోనని వైరస్‌లు వెతికే ప్రోగ్రాంతో జల్లెడ పట్టించింది. గంట పట్టింది.

చివరికి లేచి, "పాస్‌వర్డ్ మార్చుకోండ్రి. నాకు చెప్పకుండ్రి," అంది.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఇక దాచలేకపోయాను.

"నీ గది తెరిచాను జోస్నా. అట్టపెట్టెలు చూశాను."

తిడుతుందనుకున్నాను. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఎల్బీనగర్‌ల రూమ్ దొరికింది. అమ్మను తెచ్చుకోవాలె, ఈ గది ఇద్దరికి సాలదు. ఒకటో తారీకు పోత."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే గా దినం నుంచే ఏడుస్తరు."

"నేనెందుకు ఏడుస్తాను?"

"గిప్పుడేం చేస్తున్నరు మరి?"

కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. ఉండిపొమ్మని నోటిదాకా వచ్చింది. ఎలీశమ్మ మోకాళ్లు గుర్తొచ్చి మింగేశాను.

"ఇంటావిడ ఎవరు?"

"సైదమ్మ అని. మంచిగ మాట్లాడింది."

మొదటి రోజే మంచిగా మాట్లాడిందంటే నాకు నచ్చలేదు.

"తలుపుకి లోపల గడియ ఉందా?"

"చూడలే."

"నీళ్లు ఏ వేళకి వస్తాయి?"

"అడగలే."

"ఆదివారం మీ ప్రార్థన అయ్యాక నేనూ వస్తాను."

"ఎందుకు? గా సైదమ్మనూ అనుమానిస్తరా?"

"ముందు మనిషిని చూడనీ," అన్నాను.