తియ్యటి నెమలి

గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి రోడ్డు పక్కన ఉమ్మేసి, చలపతిరావు వ్యాన్ ముందు సీట్లోకి ఎక్కాడు. సన్నటి మనిషి. పొడుగాటి మెడలో గొంతుముడి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. జుట్టుకు రంగు, చొక్కాకు ఇస్త్రీ ఏనాడూ తప్పలేదు. సినిమావాళ్ళుండే కృష్ణానగర్లో ఉన్నవాణ్ణి వేషానికి ఎప్పుడు ఎవరు పిలుస్తారో ఏం తెలుసు? ఎవరూ పిలవలేదు, అది వేరే సంగతి.

"దవఖానల ఏమన్నరు రావుసాబ్?" డ్రైవర్ నర్సింహ అడిగాడు.

"గొంతులో పుండు రేపు కోస్తారట."

"కోస్తే మాట పోతదా?"

"పోతుందట." అంటూ వెనక్కి తిరిగి, పిల్లలు వినలేదని చూసుకున్నాడు.

ఫిల్మ్‌నగర్‌లోని ప్రకృతి అధ్యయన కేంద్రం వాళ్ళు ఆదివారాలు పిల్లల్ని కొండమీది అడవి పార్కుకు తీసుకెళ్ళి పిట్టల్ని చూపిస్తారు. పిల్లలు చెదిరిపోకుండా వెనక నడవడం చలపతిరావు ఉద్యోగం. పిట్ట కనబడని రోజున ఏ బండరాయి చాటునో నిలబడి కూత వినిపించడం కూడా ఆయన పనే.

ఆయన పుట్టింది తాళ్ళరేవు దగ్గర, మడ అడవి అంచున. కుర్రతనంలో పడవలో కూర్చుని కూత వేస్తే ఉల్లంకి పిట్టలు, కొంగలు జవాబు చెప్పేవి. ఆ గొంతును నమ్ముకుని సినిమాల్లోకి వచ్చాడు. వేషాలు దొరకలేదు గానీ డబ్బింగ్ థియేటర్లో పిట్టల కూతలు దొరికాయి. మొదటిసారి నెమలి కూత వేసినప్పుడు డైరెక్టరు మొహం చిట్లించాడు. "అంత అందమైన పక్షి ఇంత వికారంగా అరుస్తుందా? తియ్యగా కావాలయ్యా" అన్నాడు. పొట్ట ముఖ్యం కదా, కలకండ చప్పరించి తియ్యగానే అరిచాడు. చివర్లో కాస్త రాగం కూడా తీశాడు. అప్పట్నుంచి తెర మీద ఆడిన నెమళ్ళు చాలామటుకు చలపతిరావు గొంతుతోనే కూశాయి. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఆ పనీ పోయింది. పోతే పోయింది, ఆయన బాధ అది కాదు. ఆ తియ్యదనం గొంతుకు పట్టుకున్నాక ఏ పిట్టా ఆయనకు జవాబివ్వలేదు. గొంతు పోయేలోగా ఒక్కటంటే ఒక్క పిట్ట పలికితే చాలునని వారం రోజులుగా మనసులో ఒకటే కోరిక. ఎవరికి చెప్పుకుంటాడు, నవ్వరూ?

రాత్రి వాన పడింది. తడిసిన రాళ్ళ మధ్య పిల్లలు బురద తొక్కుకుంటూ నడుస్తున్నారు. ఎక్కడో పొదల్లోంచి కీచుమని పెద్ద అరుపు వినిపించింది.

"పిల్లి తోక ఎవరో తొక్కిండ్రు," అంది బుజ్జి.

"కాదమ్మా, అది నెమలి," అన్నారు వాళ్ళ టీచరు పద్మప్రియ.

"నెమలి గట్ల అరవది టీచర్. తాత అరిచినట్టు అరుస్తది."

పిల్లలందరూ అవునన్నారు. చలపతిరావుకు తల కొట్టేసినట్టయింది. పొట్ట కోసం చేసిన పని పిల్లల చెవుల్లోకి కూడా ఎక్కిందన్నమాట.

"ఏదీ తాతా, నువ్వు అరువు," అంది బుజ్జి.

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. తీపి రాలేదు. లోపలి పుండు మీంచి గాలి గీరుకుంటూ వచ్చి, కూత బొంగురుగా, వికారంగా పగిలింది. పిల్లలు పకపకా నవ్వారు. ఆయన గొంతు పట్టుకుని వంగిపోయాడు.

బండల అవతల నుంచి నెమలి పలికింది.

ఊరికే అరిచిందేమో అనుకున్నాడు. కాసేపు ఆగాడు. అదీ ఆగింది. నొప్పిని దిగమింగి మళ్ళీ అరిచాడు. మళ్ళీ పలికింది, ఈసారి ఇంకాస్త దగ్గర నుంచి.

"మీకే చెబుతోందండీ," అన్నారు పద్మప్రియ మెల్లగా. పిల్లల నవ్వులు ఆగిపోయాయి. చలపతిరావు తడి రాయి మీదే కూలబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటు సంగతి కూడా మరిచిపోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత సంతోషం ఆయనకు ఈ ఊళ్ళో ఎన్నడూ కలగలేదు.

తేరుకున్నాక ఇంటికి, భార్యకు ఫోన్ చేశాడు.

"సత్యా, జవాబిచ్చింది."

"ఎవరండీ, డాక్టరమ్మా?"

"నెమలి."

సత్యలక్ష్మి "ఇంకోసారి చెప్పండి," అంది.

"నెమలి జవాబిచ్చింది సత్యా."

"ఇంకోసారి," అంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆమె ఆ గొంతు వింటూనే ఉంది.

మర్నాడు ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళ్ళారు. చలపతిరావు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

తర్వాతి ఆదివారం నర్సింహ పిల్లల్ని ఎక్కించుకుని, ముందు సీటు తుడవబోయి ఆగాడు. సీటు సందులో కాగితం పొట్లం ఇరుక్కుని ఉంది. విప్పితే కలకండ. ఒక ముక్క సగం చప్పరించి తీసి, మళ్ళీ జాగ్రత్తగా కాగితంలో చుట్టి పెట్టి ఉంది.