బూరగాడి ముందుపళ్ళు

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టర్లు నోట్లో కొలత తీసి పంపిస్తారు. నేను ప్లాస్టరుతో అచ్చు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు కూర్చి ఇస్తాను. పేరు వాళ్ళది, నడుం నొప్పి నాది. ఏడుపు కాదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

మా చెల్లెలి కొడుకును ఇంట్లో అందరం బూరగాడు అంటాం. అన్నం మానేస్తాడేమోగానీ ట్రంపెట్ ఊదడం మానడు. పదహారేళ్ళ వెధవ, అంత గాలి ఎక్కడ దాస్తాడో దేవుడికే తెలియాలి. మా ఊళ్ళో రైలుగేటుకు ఇవతల మేము, అవతల వాళ్ళు. మా భాష వేరు, వాళ్ళ భాష వేరు, చావుకైనా ఒకరి గడప ఒకరు తొక్కం. అలాంటి చోటికి ఒక టీచరమ్మ వచ్చి, రెండు వైపుల పిల్లల్నీ ఏరి, పాత గోడౌనులో వాద్యబృందం పెట్టింది. ఆవిడకు భయం లేదో, బుద్ధి లేదో అనుకున్నాం. తీరా వెళ్ళి విన్నాక పని మానుకుని మరీ మళ్ళీ వెళ్ళాను.

అవతలి పిల్లల్లో ఫిడేలు వాయించే పొడుగాటి కుర్రాడు ఒకడున్నాడు. వాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. వాడి మాట వీడికి రాదు, వీడి మాట వాడికి రాదు. బూరగాడు ఊపిరి పీల్చడం చూసి వాడు కమాను ఎత్తుతాడు, ఇద్దరూ ఒక్కసారే అందుకుంటారు. వీళ్ళిద్దర్నీ వినడానికి పెద్ద సంగీత కళాశాల వాళ్ళు వస్తున్నారని టీచరమ్మ కబురు చేసింది. నచ్చితే చదువు, తిండి, గది అన్నీ వాళ్ళవే. మా చెల్లెలు ఆ మాట వీధంతా చెప్పుకుంది.

ఒక సాయంత్రం నిచ్చెన బూరగాణ్ణి భుజాన వేసుకుని మా చెల్లెలి ఇంటికి తెచ్చాడు. ఇద్దరి చొక్కాలూ రక్తం. బూరగాడి పై వరుసలో ముందు రెండు పళ్ళూ లేవు. "మెట్ల మీంచి పడ్డాను" అన్నాడు. మెట్ల మీంచి పడ్డవాడికి మోకాలో మోచెయ్యో గీసుకుపోవాలి కదా, ఒంటి మీద ఇంకెక్కడా ఒక్క గీత లేదు. మా చెల్లెలు నిచ్చెన గల్లా పట్టుకుంది.

"నువ్వేరా! నా బిడ్డ నోరు పగలగొట్టి మళ్ళీ మోసుకొచ్చావా? నీ చెయ్యి పుచ్చిపోను!"

వాడికి మాటలు అర్థం కాలేదుగానీ సంగతి అర్థమైంది. కాదు కాదని చేతులు ఊపాడు. నేను మాత్రం ఊరుకున్నానా? గేటు దాకా తరిమాను. మర్నాడు మా వైపు పెద్దలంతా గోడౌను మీద పడి, వాణ్ణి తీసేస్తే తప్ప మా పిల్లల్ని పంపమన్నారు. టీచరమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. బూరగాడు "వాడు కాదు" అంటాడు, "మరెవడు?" అంటే నేల చూస్తాడు. నిచ్చెనను బృందంలోంచి తీసేశారు.

చిగుళ్ళు మానాక నేను పనిలోకి దిగాను. మామూలుగా అయితే చక్కగా, వరసగా, తెల్లగా చేస్తాం. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నా ఎడమ పన్ను కొంచెం పక్కకి తిరిగి ఉండేది కదా మామయ్యా, దాన్ని అట్లాగే ఉంచు. నా పెదవికి ఆ వంకరే అలవాటు." నిజమే, ట్రంపెట్ మూతి పెదవి మీద ఆనితే పెదవి పన్ను మీద ఆనుతుంది. పాత ఫోటోలు ముందేసుకుని ఆ వంకర కోసం మైనం చెక్కాను, పారేశాను, మళ్ళీ చెక్కాను. ముందు సరిచూసుకోవడానికి అంగిలికి ఆనే మెత్తటి ప్లేటు ఒకటి చేసి, దానికి పళ్ళు కూర్చి, వాడి నోట్లో పెట్టి ఊదమన్నాను. తుస్సుమంది. తీసి, వెనక వైపు గోరంత అరగదీసి, మళ్ళీ పెట్టాను. ఈసారి స్వరం పలికింది. వాడి పాత స్వరమే. మా చెల్లెలు గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"నీ చేతులకి దండం అన్నయ్యా."

ఇక గట్టి ప్లేటు పోసి, ఊదించుకుంటూ దిద్దడమే మిగిలింది.

అదే రోజు ఇంటికెళ్తే మా ఆవిడ వీధిలోకే వచ్చింది. "ఏమండీ, వీడి ఒళ్ళు కాలిపోతోంది, చెయ్యి చూడండి." మా అబ్బాయి బూరగాడి కంటే రెండేళ్ళు పెద్ద. సైకిలు చైనులో పడిందని చేతికి గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు. గుడ్డ విప్పితే చెయ్యి బూరెలా వాచి ఉంది. పిడికిలి కణుపుల మీద రెండు గాట్లు, మానకుండా చీము పట్టాయి. ఒకటి నిటారుగా ఉంది, దాని పక్కది ఒక వైపుకి తిరిగి ఉంది.

ఆ వంకర నాకు చూపించాలా ఎవరైనా! ఇన్నాళ్ళూ మైనంలో చెక్కింది దాన్నేగా.

"చైను కాదు కదరా ఇది?"

వాడు గోడ వైపు తిరిగాడు. "మన వీధిలో వాళ్ళ పాట ఊదుకుంటూ వచ్చాడు నాన్నా. ఆపరా అన్నాను. నవ్వాడు. నా ఫ్రెండ్సంతా ఉన్నారు." గుడ్డ మళ్ళీ చుట్టుకోబోతూ, "ఒక్కటే కొట్టాను" అన్నాడు.

నేనూ ఒక్కటే కొట్టాను. చెంప నిప్పులా తగిలింది నా చేతికి. తిట్టుకుంటూనే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కన్న ఖర్మ.

మర్నాడు బూరగాడు పళ్ళ కోసం వచ్చినప్పుడు అడిగాను. "నీకు తెలుసు కదరా?"

"తెలియకపోవడమేంటి మామయ్యా, ఎదురుగా నిలబడేగా కొట్టాడు" అని నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చెప్పొద్దు మామయ్యా. అమ్మ ఇక మీ గడప తొక్కదు. పళ్ళూ పోయి, మీరూ పోతే నేనెట్లా?"

"మరి నిచ్చెన?"

వాడి మొహం ముడుచుకుపోయింది. "వాడు లేకుండా నేను ఊదలేను. బావ పేరు చెప్పనూ లేను. నన్నేం చెయ్యమంటావు?"

మా ఆవిడది ఒకటే మాట. "పళ్ళు పూర్తయ్యేదాకా ఆగండి. ఆ కళాశాల వాళ్ళు విని వెళ్ళాక చెబుదురుగానీ." అప్పటికి నిచ్చెన బతుకు తెల్లారిపోతుంది. చెయ్యని తప్పుకి వాడు ఇంట్లో కూర్చుంటే, నేను వంకర పన్ను చెక్కుతూ ఎట్లా కూర్చోను? నాకసలే ఓపిక తక్కువ. ఆగలేకపోయాను.

కట్టు కట్టిన చేత్తోనే మావాణ్ణి గోడౌనుకి లాక్కెళ్ళాను. రెండు వైపుల వాళ్ళనీ పిలిపించమని టీచరమ్మను ముందే అడిగాను. అందరి ముందూ వాడి చేతే చెప్పించాను. నిచ్చెన వాళ్ళ నాన్న కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బూరగాడు నా వైపు చూడనేలేదు.

మా చెల్లెలు లేచి వచ్చి మావాడి కట్టు చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఈ చేతులకేగా దండం పెట్టాను" అంది. గొంతు పెంచలేదు. "చెప్పావు, సంతోషం. ఇక నీ ఇంటి చెయ్యి ఏదీ నా కొడుకు నోటి మీద పడనివ్వను."

కాళ్ళు పట్టుకుంటానన్నాను. తలుపు తియ్యలేదు. పళ్ళు ఇంకెక్కడో చేయించింది.

కళాశాల వాళ్ళు వినే రోజు వచ్చింది. నిచ్చెన మళ్ళీ బృందంలోకి వచ్చాడు. నేను హాల్లో వెనక బెంచీలో, జేబులో పళ్ళు అరగదీసే చిన్న ఆకురాయి పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అడక్కండి. బూరగాడు వేదిక ఎక్కి టీచరమ్మను చూసి నవ్వాడు. రెండు పళ్ళూ ముత్యాల్లా, తిన్నగా, వరసగా ఉన్నాయి. ఎవరు చేశారోగానీ ఎంత అందంగా చేశాడో పాపిష్టివాడు. ఆ వంకర మాత్రం లేదు.

బూరగాడు ఊపిరి పీల్చాడు. నిచ్చెన కమాను ఎత్తాడు. ఇద్దరూ అందుకున్నారు. పై స్వరాలకి వెళ్ళేసరికి ట్రంపెట్ చీలింది, పెదవి పక్క నుంచి గాలి జారిపోయింది. నిచ్చెన వాయించిందే మళ్ళీ వాయిస్తూ వీడి కోసం ఆగాడు. బూరగాడు మళ్ళీ పట్టుకోబోయాడు. తుస్సు. ఇంకోసారి. తుస్సు. ఆఖరికి ట్రంపెట్ దించి, నువ్వు కానియ్యి అన్నట్టు తల ఊపాడు. నిచ్చెన కన్నీళ్ళు కారుతుండగానే పాట పూర్తి చేశాడు.

కళాశాల వాళ్ళు నిచ్చెనను తీసుకున్నారు. బూరగాడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

నేను బయట వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. బూరగాడు పెట్టె పట్టుకుని అటే వచ్చాడు, నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. వాడు అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, తల పైకెత్తి, నా ముందు నోరు తెరిచాడు. వెనక వైపు ఎక్కడ తగులుతోందో నాకు కనబడింది. ఎడమదాన్ని ఏ పక్కకి అరగదియ్యాలో కూడా తెలిసింది. జేబులో చెయ్యి పెట్టాను.

"ఒరేయ్, ఎక్కడున్నావు?" మా చెల్లెలు గేటు దగ్గర నుంచి పిలిచింది.

వాడు నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.