అరవై ఒకటో మనిషి

నా భార్య రమ పోయాక నాకు సాయంత్రాలు మరీ పొడవైపోయాయి. ఎప్పుడో బీఎస్సీ లెక్కలు చదివి, బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాను. అందుకే పక్క క్వార్టరు సంధ్యారాణి ఓపెన్ స్కూల్ పదో తరగతి లెక్కల పుస్తకం పట్టుకుని వస్తే సంతోషంగా కూర్చోబెట్టుకున్నాను. భర్త పోయాక అతని ఉద్యోగం ఆమెకు వచ్చింది. గనిలో దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పని. పది పాసైతే క్లర్కు కావచ్చు. రెండుసార్లు లెక్కల్లో తప్పింది. దరఖాస్తుకు ఇదే ఆఖరి ఏడు.

ఆమెకు లెక్కలు రాకపోవడం కాదు. మాటల్లో ఉన్న లెక్కను x, y చేసి రెండు సమీకరణాలు రాయడంలో నాకంటే వేగం. చిక్కంతా జవాబు వచ్చాకే. ల్యాంపు రూములో మనిషికో దీపం, మనిషికో నంబరు బిళ్ళ. షిఫ్టు అయ్యాక ఒక్క బిళ్ళ తేడా వచ్చినా ఎవరో గనిలోనే ఉండిపోయినట్టు, అతను పైకొచ్చేదాకా ఎవరూ ఇంటికి కదలరు. లెక్కల్లోనూ ఆమెది అదే పద్ధతి. ఏటికి ఎదురు పోయిన పడవను ఒడ్డుకు చేర్చేదాకా పేజీ తిప్పదు. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లని తేలాక, ఇద్దరూ ఇంటికొచ్చి అన్నం తిన్నారని రాస్తుంది. రెండుసార్లూ అందరినీ ఇళ్ళకు చేర్చేసరికి టైము అయిపోయింది.

నేను వద్దనలేదు. వచ్చిన జవాబును రెండు సమీకరణాల్లోనూ పెట్టి చూడమన్నాను. రెండూ సరిపోతే అందరూ పైకొచ్చినట్టేనన్నాను. ఆమె ఒప్పుకుంది. మర్నాడు వేడివేడి సర్వపిండి తెచ్చింది.

పరీక్ష రోజు ఆమెకు తోడు వెళ్తే, కాపలా మనిషి నన్ను ఎండలో చూసి జాలిపడి వరండాలో కూర్చోనిచ్చాడు. లోపల ఇరవై ఎనిమిది మంది, అందరూ బొగ్గుబాయి పనివాళ్ళే. బెల్లు మోగింది. ఎవరూ బయటికి రాలేదు. పది నిమిషాలకు ఇన్విజిలేటరు వేణుమాధవ్ చెమటలు కక్కుతూ వచ్చి, లెక్కలు తెలుసా అని నన్ను లోపలికి పిలిచాడు.

ప్రశ్న ఇది: రెండు బస్సుల్లో అరవై ఒక్కమంది విహారయాత్రకు వెళ్ళారు. మొదటి బస్సులోంచి ఐదుగురు రెండో దాంట్లోకి మారితే రెండూ సమానం. ఏ బస్సులో ఎంతమంది?

బెల్లు కాగానే సంధ్యారాణి లేచి మనిషి తేడా వస్తున్నాడని చెప్పిందట. అంతే, ఎవరూ పేపరివ్వలేదు. ఆ లెక్క ముట్టుకోనివాళ్ళు కూడా కూర్చున్నారు.

"ఒకదాంట్ల ముప్పై అయిదున్నర, ఇంకోదాంట్ల ఇరవై అయిదున్నర. ఒక్కడే మనిషి కాకా, సగం ఈ బస్సుల, సగం ఆ బస్సుల. ఎట్ల?" అని నన్నడిగింది.

"కండక్టర్ కావచ్చు," అన్నాడు వెనక బెంచీ ఫిట్టరు జైపాల్.

ఎవరూ నవ్వలేదు. అరవై అని ఉండాల్సింది, అచ్చుతప్పు అన్నాను. అంకె మార్చే అధికారం తనకు లేదన్నాడు వేణుమాధవ్. బయట పెద్దపల్లి పోయే జీపు హారన్ కొడుతోంది. అది వెళ్ళేలోపు పేపర్లు అందకపోతే అందరూ తప్పినట్టే. సంధ్యారాణికి ఇంకో ఏడు లేదు. అది ఆమెకూ తెలుసు. అయినా కూర్చునే ఉంది.

నేను వేణుమాధవ్‌ను పక్కకు పిలిచాను. బాయిలో ఎవరైనా మధ్యలో వెళ్ళిపోతే చూసినవాళ్ళు సంతకం పెడతారని, అప్పుడు లెక్క సరిపోతుందని చెప్పాను. ఆయన నా మొహం చూశాడు, జీపు వైపు చూశాడు. క్లాసు వైపు తిరిగాడు.

"ఒకాయన మధ్యలో దిగిపోయాడు. నేను చూశాను."

"ఏడ దిగిండు సార్?" అంది సంధ్యారాణి.

"సుల్తానాబాద్‌లో."

"రాసియ్యుండ్రి."

తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. సంధ్యారాణి చదివి, మడిచి దాచుకుని, తన జవాబు పేపరు ఆయన చేతికిచ్చింది. ఆమె వెనకే ఇరవై ఏడు. వాటిని ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

అచ్చుతప్పని తేలి, ఆ లెక్క ముట్టుకున్నవాళ్ళందరికీ పూర్తి మార్కులు కలిపారు. సంధ్యారాణికి సరిగ్గా ముప్పై అయిదు వచ్చాయి. పాసు. ఇప్పుడు ల్యాంపు రూములోనే క్లర్కు అయిన ఆమె బల్ల అద్దం కింద ఆ సంతకం కాగితం ఉంది.

మొన్న పెద్దపల్లి బస్టాండులో వేణుమాధవ్ కనిపించి టీ ఇప్పించాడు. అటూ ఇటూ మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి, ఆ సుల్తానాబాద్‌లో దిగినాయన సంగతి ఏమైనా తెలిసిందా అన్నాడు.

"ఇల్లు చేరిండు సార్," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి హాయిగా ఊపిరి తీసుకున్నాడు.