ఎడమ మూల మేకు

మేకు నుంచి మేకుకు పురికొస బిగించి, ఆదెప్ప దాని వెంబడే సున్నం చల్లుకుంటూ వస్తున్నాడు. అడుగున చిల్లులు పొడిచిన నూనె డబ్బానే ఆయన పనిముట్టు. వంగి, అడుగులో అడుగేస్తూ డబ్బాను ఒకే తీరున ఆడిస్తే గీత సన్నగా, తెల్లగా పడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. సున్నానికి వేళ్ల సందులు పగిలిపోయాయి. హిందూపురంలో ఫుట్‌బాల్ చూసేవాళ్లు చాలామందే గానీ, ఈ గీతలు ఎవరు వేస్తారని అడిగినవాడు ఒక్కడూ లేడు.

రేకుల షెడ్డు కింద కమిటీ కూర్చుంది. వచ్చే ఆదివారం ధర్మవరం జట్టుతో సీజన్ మొదలు. సాయంత్రం ప్రాక్టీసు మ్యాచ్ చూసి లిస్టు ఖాయం చేయాలి.

"కుడిపక్కకు ముగ్గురుండారు. ఎడమపక్కకు యాడుండారప్పా?" అన్నాడు సెక్రటరీ రాఘవేంద్ర.

"శ్రీకాంత్ ఉండాడు కదా," అన్నాడు కోచ్ ఓబన్న.

"వాడా! బాలు దొరికితే సాలు, గీత దాటిస్తాడు. కుడిపక్కోణ్ణే ఒకణ్ణి ఈపక్కకు తిప్పుదాం."

"కుడికాలోడు ఎడమపక్క ఏం చేస్తాడబ్బా? ఊరికే లోపలికి వస్తాంటాడు."

"అనిల్ మాదిరి గీత మీదనే ఉరికేటోడు మళ్లీ పుట్టల్ల," అని, ఆదెప్ప దగ్గర్లోనే ఉన్నాడని చూసి రాఘవేంద్ర నాలుక కరుచుకున్నాడు.

అనిల్ కుమార్ ఆదెప్ప కొడుకు. ఏడు నెలల కింద పెనుకొండ దగ్గర హైవే మీద లారీ తగిలి పోయాడు. ఆడిన ఆరేళ్లలో ఎడమపక్క వాణ్ణి ఆపినవాడు లేడు. ఎంత దూరంగా బాలు వేసినా, గీత లోపలే దాన్ని అందుకునేవాడు. అందరూ వాడి కాళ్లను మెచ్చుకున్నారు.

కాళ్లతో పాటు మరో మూడడుగుల నేల కూడా ఉందని ఆదెప్పకొక్కడికే తెలుసు. కొడుకు జట్టులోకొచ్చిన ఏడాది ఎడమ మూల మేకును మూడడుగులు బయటికి పాతాడు. సగం ఆట తర్వాత వైపులు మారతాయి కాబట్టి, దానికి ఐమూలగా ఉన్న మేకునూ అట్లే జరిపాడు. అంత పొడుగు గీతలో ఆ వాలు కంటికి ఆనదు, టేపు పట్టి కొలిచినవాడూ లేడు. కొడుకుకు కూడా చెప్పలేదు. కొడుకు పోయిన పదకొండో రోజు వచ్చి రెండు మేకులూ పీకి, సరైన చోట పాతేశాడు. వాడు ఉరికిన చోట ఇంకొకడు ఉరకకూడదు, అంతే.

శ్రీకాంత్ పరిగి బస్సు దిగి, ఆటగాళ్లందరికంటే ముందే గ్రౌండుకు వచ్చాడు. బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఆదెప్ప పక్కన కూర్చున్నాడు.

"ఆదెప్పన్నా, ఈ పొద్దు లిస్టులో పేరు లేకుంటే నాయన బెంగళూరు కంపెనీలో ఏస్తానంటాండాడు. ఎంత ఉరికినా బాలు బయటికే పోతాంది. నా కాళ్లలో ఏం తప్పుండాదో తెలీలేదన్నా."

బాలు వేసేవాళ్లు పాత అలవాటుతో ఇంకా ఆ మూడడుగుల అవతలికే వేస్తున్నారు. తప్పు ఎవరిదో తెలిసి కూడా గమ్మునుండటం ఆదెప్ప వల్ల కాలేదు. శ్రీకాంత్ అవతలికి పోగానే సుత్తి తెచ్చాడు. రెండు మేకులూ పీకాడు. మూడడుగుల అవతల పాత బొరియలు ఇంకా పూడలేదు. వాటిలోనే దిగ్గొట్టి, వేసిన గీతలను కాలితో చెరిపి, మళ్లీ మొదటినుంచి చల్లాడు.

మ్యాచ్ మొదలైన కాసేపటికి శ్రీకాంత్‌కు దూరంగా బాలు పడింది. ఎప్పటిలాగే అది గీత వైపు దొర్లింది, కానీ దాటలేదు. శ్రీకాంత్ దాన్ని కాలి అంచున ఆపి, మూల దాకా ఉరికి, గోలు ముందుకు కొట్టాడు. ఎవరో తలతో లోపలికి నెట్టారు. అటువంటివే మరో రెండు.

"అచ్చం అనిల్ మాదిరే ఉరుకుతాండాడప్పా!" అని రాఘవేంద్ర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆ మాట ఆదెప్ప చెవిన పడింది. కొడుకు ఆటలో కొడుకుది ఎంత, తను జరిపిన నేలది ఎంత? అడుగుదామంటే వాడు లేడు. చేతులారా కొడుకు పేరును పంచి ఇచ్చేశాడు. అయినా, ఆ పక్క మళ్లీ ఒకడు ఉరుకుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాడు.

లిస్టులో శ్రీకాంత్ పేరు రాసుకున్నారు. ఆదెప్ప వచ్చి షెడ్డు తాళంచెవి ఓబన్న చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి రానప్పా. మా ఇంటామె నల్లమ్మ పుట్టింటికాడ గొర్రెలుండాయి. ఇద్దరమూ ఆడికే పోతాం."

"ఏమాయ ఆదెప్పా? ఎవరన్నా ఏమన్నా అనిరా?"

"ఎవరేమంటారు. చూసింది సాలప్పా."

"మరి గీతలెవరేస్తారు?"

"ఎవరైనా ఏస్తారు. మేకుల ఎంబడి పోతే సాలు." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మేకులు మాత్రం కదపద్దండి."

చేతులు కడుక్కోకుండానే గేటు దాటి, బస్టాండు వైపు నడిచాడు. ఎడమ మూలన, ఉండాల్సిన చోటికి మూడడుగుల అవతల, పురికొస ముక్కతో ఆ మేకు అట్లే ఉండిపోయింది.