బొమ్మ రాని ఫైనల్

విజయవాడ వన్ టౌన్‌లో సిరాజ్‌ది గాజుల హోల్‌సేల్ కొట్టు. కూతురు ఇల్మా డిగ్రీ చదువుతూ, చుట్టుపక్కల ఊళ్లలో జరిగే మ్యాచ్‌లను లైవ్‌లో చూపించే ఓ యూట్యూబ్ ఛానల్‌కి తెలుగులో కామెంటరీ చెబుతోంది. మైకు ముందు మాట్లాడటం కూడా ఒక పనేనా అని సిరాజ్ మనసులో అనుకునేవాడే గాని, పైకి ఏనాడూ అనలేదు.

ఆ మధ్యాహ్నం ఉయ్యూరులో అమ్మాయిల ఫుట్‌బాల్ ఫైనల్. ఉయ్యూరుకీ గుడివాడకీ పోటీ. బేరాలు పలచగా ఉన్నాయని సిరాజ్ ఫోన్‌ను గాజుల డబ్బాలకు ఆనించి పెట్టుకున్నాడు. సరుకు దించడానికి వచ్చిన బసవపున్నయ్య తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ పక్కనే చతికిలబడ్డాడు. ఆయన ఫుట్‌బాల్ చూసి ఎరగడు.

ఉయ్యూరు ఒక గోలు ముందుంది. ఆట చివరికొస్తుండగా అక్కడ వాన దంచికొట్టింది. ఫోన్‌లో తెర నల్లబడిపోయింది.

"అయిపోయినట్టుందండీ," అంటూ బసవపున్నయ్య లేవబోయాడు.

అంతలో ఇల్మా గొంతు వినిపించింది. "కెమెరాలోకి నీళ్లెళ్లాయండీ. మీకు బొమ్మ రాదు. ఫర్వాలేదు, నాకు కనపడతానే ఉంది కదా, నేను చెబుతాను."

చెప్పడం మొదలుపెట్టింది. బంతి దొర్లడం లేదంది. ఆకుమడిలో దిగినట్టు పిల్లల కాళ్లు కూరుకుపోతున్నాయంది. గుడివాడ అమ్మాయి సింధూరి బంతిని నేలకి తగలనివ్వకుండా మోకాలి మీదే ఎగరేసుకుంటూ వస్తోందంది. బసవపున్నయ్య మళ్లీ కూర్చున్నాడు. పక్క కొట్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

లైవ్ కింద జనం పెడుతున్న మెసేజీల్లో ఒకటి చూసి ఇల్మా గొంతు కాస్త తగ్గించింది. "మాణిక్యమ్మ గారూ, ఉయ్యూరు గోల్‌కీపర్ సుస్మిత మీ అమ్మాయాండీ? బాగానే ఉంది. జడ ఊడి మొహాన పడుతుంటే మోచేత్తో తోసుకుంటోంది. దెబ్బలేం తగల్లేదమ్మా."

సిరాజ్ ఫోన్ సౌండు పెంచాడు. ముఖమైనా ఎరగని ఒక తల్లికి తన కూతురు ధైర్యం చెబుతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆటోల హారన్లు ఎటో పోయాయి. చెరిగిపోయిన తెల్లగీతలు, బురద కొట్టుకున్న మోకాళ్లు, వానలో గొంతు చించుకుంటున్న జనం, అన్నీ ఎదురుగా కనిపించాయి.

"సింధూరి కొట్టింది," అని ఇల్మా ఆగిపోయింది.

గుమ్మంలో ఉన్నవాళ్లు ఒక అడుగు లోపలికి వచ్చారు.

"సుస్మిత పట్టుకుందండీ. బురదలో బోర్లా పడి, చంటిబిడ్డని పొదువుకున్నట్టు పొట్టకి హత్తుకుంది. విజిల్ కొట్టేశారు. ఉయ్యూరు గెలిచింది."

బసవపున్నయ్య రెండు చేతులూ ఎత్తి ఆ నల్లటి తెరకి దణ్ణం పెట్టాడు.

సాయంత్రం ఇల్మా తడిసిన బట్టలతో, బొంగురుపోయిన గొంతుతో కొట్టుకి వచ్చింది. బయట టీ బడ్డీ దగ్గర బసవపున్నయ్య చుట్టూ నలుగురు మూగి ఉన్నారు.

"వానంటే మామూలు వాన కాదయ్యా. ఆ పిల్ల ఎట్టా దూకిందనుకున్నావ్? నేను చూశాగా," అంటున్నాడాయన.

ఇల్మా అక్కడే నిలబడిపోయింది. "ఆయన గ్రౌండ్‌కి వచ్చాడా, అబ్బా?" అని తండ్రిని అడిగింది.

సిరాజ్ తల అడ్డంగా ఊపి, తను కూర్చునే కుర్చీలోంచి లేచి కూతుర్ని అందులో కూర్చోబెట్టాడు.